ఐరిసమ్మ ఆఖరి రీలు

డిసెంబరు 7, 1985

అత్తయ్యగారికి ఇంగ్లీషు రాదు. అయినా ఇవాళ ఆవిణ్ణి ఇంగ్లీషు సినిమాకి తీసుకెళ్ళాను. నిజానికి ఆవిడే నన్ను లాక్కెళ్ళారు. ఫిల్మ్ సొసైటీ వాళ్ళు ఈ చలికాలమంతా శనివారం శనివారం ఐరిస్ కాల్డర్ అనే నటి పాత సినిమాలు వేస్తున్నారు. సొసైటీ పంపిన కార్డు మీద ఆవిడ ఫొటో ఉంది. బల్ల మీద పడేసి ఉంటే అత్తయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారు.

"ఈ పొడుగుముక్కు పిల్లని నేనెరుగుదునే" అన్నారు.

పెళ్ళయిన కొత్తలో, యుద్ధం రోజుల్లో, మామయ్యగారు ఆవిణ్ణి విశాఖపట్నంలో ఓ ఇంగ్లీషు బొమ్మకి తీసుకెళ్ళారట. ఒక్క ముక్కా అర్థం కాలేదట గాని, ఆ పిల్ల చేతి తొడుగులు విప్పిన తీరు మాత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుందట. ఎదురుగా ఎవడో అబద్ధం చెప్తున్నాడు. ఆ పిల్ల ఒక్కొక్క వేలే లాగుతూ, వాడి అబద్ధం పూర్తయ్యేదాకా విప్పుతూనే ఉందట.

"మాటలు తెలియకుండా అబద్ధమని ఎలా తెలిసింది అత్తయ్యగారూ?" అన్నాను.

"మాటలు తెలిస్తే మోసపోతాం గాని, తెలీకపోతే ఏటి మోసం?" అన్నారు.

హాల్లో ఆఖరి వరసలో కూర్చుని ఆవిడ చెవిలో తెలుగు చెప్పాను. ఇవాళ్టి దాంట్లో ఐరిస్ ఆసుపత్రిలో పెద్ద నర్సు. ముందు వరసలో ఎవరో బెంగాలీ పెద్దమనిషి రెండుసార్లు వెనక్కి తిరిగి ఉష్షన్నాడు. మూడోసారి అత్తయ్యగారే అతణ్ణి ఉష్షన్నారు. మూకీల రోజుల్లో తెర పక్కన బల్లెక్కి కథ చెప్పేవాడు ఉండేవాడట, నాకు ఆ ఉద్యోగం ఇప్పించారు.

ఇంటికొచ్చి ఆయనకి ఉత్తరం రాద్దామని కూర్చుని ఇది రాస్తున్నాను. పోయినేడు వానాకాలంలో ప్రమోషన్ మీద బొంబాయి వెళ్ళారు. ఇల్లు దొరకగానే మీ ఇద్దర్నీ పిలిపిస్తాను, వెళ్ళొస్తాను అని తలుపు దగ్గర చెప్పి వెళ్ళారు. ఇల్లింకా దొరకలేదు. భవానీపూర్‌లో ఈ బ్యాంకు క్వార్టరు మార్చి ఆఖరు వరకే మాది. ఆలోగా దొరక్కపోదు. గొడుగు ఇక్కడే మరిచిపోయారు, చిలక్కొయ్యకి వేలాడుతోంది. అక్కడి వానల్లో ఏం తడుస్తున్నారో.

డిసెంబరు 9

బళ్ళో పిల్లలు పరీక్ష రాస్తుంటే కూర్చుని ఐరిస్ గురించే ఆలోచించాను. అందగత్తె కాదు. ముక్కు పొడుగు, పెదవులు పలచన. మిగతా నటులందరూ తమ వంతు మాట కోసం కాచుకుని ఉంటారు. ఈవిడ ఎదుటివాళ్ళ మాట వింటుంది. వినడం కూడా ఒక పని అన్నట్టు, ఒళ్ళంతా పెట్టి వింటుంది. తెర మీద ఎవరు మాట్లాడుతున్నా మనం ఆవిణ్ణే చూస్తాం. నర్సు సినిమాలో చావుకబురు వచ్చినప్పుడు ఆవిడ ముందు చేసిన పని, స్టవ్ మీద మరుగుతున్న పాలు దించడం.

మన సినిమాల్లో ఐతే పాలు పొంగి నేల మీద పారేవి.

డిసెంబరు 14

ఇవాళ నవ్వుల సినిమా. ఐరిస్ ఒక నడివయసు జమీందారిణి. ఆ వయసులో కారు నేర్చుకుంటానని పట్టుబట్టి ఊళ్ళో కోళ్ళనీ పాదిరినీ పరుగులు పెట్టిస్తుంది. అత్తయ్యగారు నవ్వి నవ్వి కట్టుడు పళ్ళు చేతిలోకి తీసుకున్నారు. ఆవిడకి ఐరిస్ కాల్డర్ అనడం రాక, ఐరిసమ్మ చేశారు.

సొసైటీ సెక్రటరీ శిశిర్‌దా మమ్మల్ని మెట్రో దాకా దిగబెట్టాడు. "మాషీమా, ఆస్తే, ఆస్తే" అంటూ, సొంత పిన్నమ్మని నడిపించినట్టు అత్తయ్యగారిని మెల్లగా నడిపించాడు. సెలవు తీసుకుంటూ "ఆషి" అన్నాడు. ఆ మాటకి అర్థం వస్తాను అని.

"చూసేవా, వీళ్ళూ మనలాగే. వెళ్తూ వస్తానంటారు. ఆ ఒక్క మాటకే ఈ ఊళ్ళో ఉండొచ్చు" అన్నారు అత్తయ్యగారు.

ఆయన దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ల రోజులు.

డిసెంబరు 20

గోపీనాథ్ గారు వచ్చారు. ఇక్కడి బ్రాంచిలో ఆయనతో కలిసి పనిచేసినాయన. ట్రైనింగుకని బొంబాయి వెళ్ళి వచ్చారట.

"రఘురాం ఇల్లు బ్రహ్మాండంగా ఉందండీ. గాలీ వెలుతురూ. బ్యాంకు వాళ్ళు ఇచ్చి ఏడాదవుతోంది కదా, బాగా సర్దుకున్నారు. మీ చెల్లెలుగారు మంచి కాఫీ ఇచ్చారు" అన్నారు.

నాకు చెల్లెలు లేదు. ఆ సంగతి నేను చెప్పకముందే ఆయనకి నా మొహంలో కనిపించినట్టుంది. వేడి కాఫీ గటగటా తాగి నోరు కాల్చుకుని, పనుందని లేచారు. వంటింట్లో అత్తయ్యగారు అప్పడాలు ఒత్తుతున్నారు. కర్ర చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

డిసెంబరు 21

గోపీనాథ్ గారు ఎవరింటికో వెళ్ళి ఎవరిల్లో అనుకుంటున్నారు. బొంబాయి అంత ఊళ్ళో రఘురాంలు ఒక్కరే ఉంటారా.

ఇవాళ సినిమాకి వెళ్ళలేదు. తలనొప్పి.

డిసెంబరు 28

ఇన్నాళ్ళూ చూసినవి ఒకెత్తు, ఇవాళ్టిది ఒకెత్తు. సముద్రపుటొడ్డున ఒక లాడ్జింగు, ఐరిస్ దాన్ని నడుపుతుంది. యుద్ధం నుంచి మొగుడు తిరిగొస్తాడు గాని మనిషి ఇంట్లో ఉంటాడు, మనసు ఎక్కడో ఉంటుంది. సగం సినిమా ఆవిడ దుప్పట్లు మడత పెడుతూనే ఉంటుంది. మొదట్లో ఇద్దరూ చెరో కొస పట్టుకుంటారు. తర్వాత్తర్వాత ఆవిడొక్కతే, ఒక అంచు గడ్డం కింద నొక్కిపట్టి మడత పెట్టుకోవడం నేర్చుకుంటుంది. దాని గురించి సినిమాలో ఒక్క మాట లేదు. ఎంత ధైర్యం ఉండాలి, అంత పెద్ద సంగతిని అలా మాట లేకుండా వదిలేయడానికి.

"కొస పట్టుకునేవాడు లేడు" అని అత్తయ్యగారు నా చెవిలో చెప్పారు. నేను చెప్పాల్సింది ఆవిడ చెప్పారు.

ఆఖరికి మొగుడు పెట్టె పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఐయామ్ గోయింగ్" అన్నాడు. వెళ్ళొస్తానంటున్నాడు అని చెప్పాను. అంతే, కరెంటు పోయింది.

లోడ్‌షెడ్డింగ్ ఈ ఊరికి కొత్త కాదు గనక ఎవరూ కదల్లేదు. సిగరెట్లు వెలిగాయి. ఎంతసేపటికీ కరెంటు రాలేదు. శిశిర్‌దా కొవ్వొత్తి పట్టుకుని స్టేజి ఎక్కి, మిగిలిపోయిన ఆఖరి రీలు వచ్చే శనివారం ముందుగా వేస్తామని క్షమాపణ చెప్పాడు.

డిసెంబరు 29

పొద్దున్న కాఫీ దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్న. "వాడు మళ్ళీ వచ్చేడేటి?"

సొసైటీ వాళ్ళిచ్చిన కాగితంలో కథంతా ఉంది. రాడు. ఆవిడకి మాత్రం వచ్చాడని చెప్పాను.

"నేననుకున్నాను. టోపీ చిలక్కొయ్యకి ఒగ్గీసి వెళ్ళేడు, చూసేవా? టోపీ ఒగ్గీసినవాడు వస్తాడు. పైగా వెళ్ళొస్తానన్నాడు కదా" అన్నారు.

అతనన్నది అది కాదు. ఆ వాక్యం నేను బళ్ళో ఏటా నల్లబల్ల మీద రాసి చెప్పేదే. వెళ్తున్నాను అని తెలుగు చెప్పిస్తాను, తప్పు చెప్పిన పిల్లని నిలబెడతాను. కాని గడప దగ్గర పెట్టె పట్టుకుని నిలబడ్డ మనిషి నోట ఆ మాట ఎలా పెట్టను? మనిళ్ళల్లో ఎవరైనా వెళ్తున్నానంటే ఊరుకుంటారా? వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మాట దిద్దించి పంపిస్తారు. నేను తర్జుమా చెయ్యలేదు, మర్యాద చేశాను.

జనవరి 4, 1986

ఆఖరి రీలు చూశాం.

అతను తలుపు దాటి మెట్లు దిగిపోతాడు. ఐరిస్ అక్కడే నిలబడి చిలక్కొయ్య మీది టోపీ చూస్తుంది. ఏడుస్తుందేమోననుకుంటాం. టోపీ తీసి, చేతి అంచుతో దుమ్ము తుడిచి, గేటు దాకా నడిచి వెళ్ళి అతనికి ఇచ్చేస్తుంది. "గో" అంటుంది. కోపంగా కాదు. బడికి ఆలస్యమైన పిల్లాడికి చెప్పినట్టు. తిరిగొచ్చి తన వంట ఏప్రాను విప్పి ఆ ఖాళీ కొయ్యకి తగిలిస్తుంది. అప్పుడొక్కసారి, ఆ ముఖం మనవైపు తిరుగుతుంది. అందులో ఏముందో నేను చెప్పలేను. దుఃఖం ఉంది, కాని దుఃఖానికి అవతల ఇంకో గది ఉన్నట్టు, దాని తలుపు అప్పుడే తీసినట్టు ఉంది.

నేను చెవిలో ఏమీ చెప్పలేదు. ఆవిడ అడగలేదు. తర్వాత కొత్త సినిమా మొదలైంది గాని మేం లేచి వచ్చేశాం.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "నువ్వు వచ్చేడన్నావు" అన్నారు.

"కాగితంలో అలా ఉంది."

"నాకు కాగితం రాదు గాని ముఖం వచ్చును. వాడు వెళ్ళొస్తానన్లేదే. అన్నవాడైతే ఆ పిల్ల టోపీ ఇచ్చీసీది కాదు." కుర్చీలో కూర్చుని కాసేపు మోకాళ్ళు రాసుకున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "రఘూ కూడా అన్లేదు. ఆ వేళ నేనిక్కడే నిల్చున్నాను. వెళ్తాను మరి, అన్నాడు. వెళ్ళిరా అన్నదాన్ని నేను. ఆ రా నాదే. వాడిది కాదు."

జనవరి 5

వెళ్ళొస్తాననే అన్నారు. నాకు బాగా గుర్తుంది.

జనవరి 8

చాకలి దుప్పట్లు తెచ్చాడు. అత్తయ్యగారు అడక్కుండానే ఒక కొస అందుకున్నారు.

జనవరి 17

టెలిగ్రాం. ఇరవై అయిదున వస్తున్నారట. అమ్మ సామాను సర్దమన్నారు. అమ్మ సామాను.

బళ్ళో ఒకే పాఠం రెండుసార్లు చెప్పానట, పిల్లలు నవ్వారు. క్వార్టరు పోతే గది వెతుక్కోవచ్చు. జీతం ఉంది, ఊరు తెలుసు, మాట వచ్చు. కాని అత్తయ్యగారు లేకుండా ఈ ఊళ్ళో ఒక గదిలో సాయంత్రం ఎలా ఉంటుందో ఊహించబోతే ఊపిరాడలేదు. నా మొగుడు వస్తున్నాడంటే నాకు గుర్తొచ్చింది నా అత్తగారు వెళ్ళిపోతుందని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, ఐనా నిజం.

కొడుకు పిలిస్తే తల్లి వెళ్తుంది. అందులో తప్పు పట్టడానికేముంది. ఆవిడకి ఒక్కడే కొడుకు.

జనవరి 19

అత్తయ్యగారు తన ట్రంకుపెట్టె మంచం కిందనుంచి లాగి, తుడిచి, ఎండలో పెట్టారు. నేనేమీ అడగలేదు. నిన్న సినిమాకి వెళ్దామా అని కూడా ఆవిడ అడగలేదు.

జనవరి 26

నిన్న హౌరాలో దిగి టాక్సీలో వచ్చారు. కాస్త లావయ్యారు. ఎవరో శ్రద్ధగా ఇస్త్రీ చేసిన చొక్కా.

ఈ పొద్దున్న నేను పచ్చి బఠాణీలు ఒలుస్తుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చుని అంతా చెప్పారు. ఆవిడ పేరు చెప్పారు. రాయను. ఆవిడదీ ఆయన ఆఫీసే, ఇదివరకు పెళ్ళి కాలేదు. ముందు అనుకోలేదు, జరిగిపోయింది. నన్ను బాధపెట్టే ఉద్దేశం ఎన్నడూ లేదు. "నీకు ఉద్యోగం ఉంది అరుంధతీ, ఈ ఊరు అలవాటే. అమ్మ నాతో వస్తే అక్కడ నలుగురిలో మర్యాదగా ఉంటుంది" అన్నారు. ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా ఒలుస్తూనే ఉన్నాను. అయిపోయాక చూస్తే గింజలు తొక్కల్లోనూ తొక్కలు గిన్నెలోనూ ఉన్నాయి.

ఐరిస్ అయితే ఏడవదు. నేను ఐరిస్‌ని కాను. స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చాను.

మధ్యాహ్నం అత్తయ్యగారు ఆయనకి వడ్డించారు. బఠాణీ కూర, చారు, ఆయనకిష్టమని అప్పడాలు. పక్కన కూర్చుని విసరాల్సిన పని లేకపోయినా విసనకర్ర పట్టుకున్నారు. జనవరిలో విసనకర్ర.

"పెట్టె సర్దేవా అమ్మా?" అని అడిగారు ఆయన.

"సర్దేను."

నా చేతిలో చారు గరిట ఆగిపోయింది.

"రేపు పొద్దున్నే బయల్దేరాలి" అన్నారు ఆయన.

"అక్కడికి తీసుకెళ్ళి నన్ను ఎవరికి అత్తగారని చెప్తావురా?"

"అమ్మా, ఇప్పుడా మాటలెందుకు..."

"నేను పెట్టె సర్దింది నీతో రావడానికి కాదు. మార్చిలో ఈ ఇల్లు ఒగ్గీయాలి కదా, నా కోడలు ఎక్కడికెళ్తే అక్కడికి నేనూ వెళ్ళాలి. నాకు తొందరగా సర్దడం చేతకాదు, అంచేత ముందే మొదలెట్టేను." ఆయన విస్తట్లో ఇంకో అప్పడం వేశారు. "నువ్వు భోంచెయ్యి. కోపం కాదు నాయనా. నువ్వు నా కొడుకువి కాకుండా పోవు. నేను మాత్రం రాను."

ఆయన చెయ్యి కడిగేసుకున్నారు. అప్పడం అలాగే ఉండిపోయింది. అది నేను తిన్నాను. ఎందుకు తిన్నానో తెలియదు, ఆకలేసింది.

జనవరి 27

పొద్దున్నే టాక్సీ వచ్చింది. ఆయన పెట్టె పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. అత్తయ్యగారు ఎప్పటిలాగే గుమ్మానికి అటుపక్కన, నేను ఇటుపక్కన.

"వెళ్తాను మరి" అన్నారు.

"వెళ్ళిరా నాయనా" అన్నారు అత్తయ్యగారు.

ఆయన మెట్లు దిగారు. అప్పుడు చూశాను, చిలక్కొయ్యకి గొడుగు. తీశాను. బట్ట మీద దుమ్ము పేరుకుని ఉంది, కొంగుతో తుడిచాను. ఐరిస్‌ని చూసి చేశానని ఎవరైనా అంటే అననీ. చూడకపోతే నాకు తెలిసేదా?

టాక్సీ తలుపు వేసుకోబోతూ ఆయన నా చేతిలో గొడుగు చూసి తెల్లబోయారు. "ఈ ఎండలో గొడుగెందుకు?" అన్నారు.

"మీది."

తీసుకున్నారు. పక్కన పెట్టుకున్నారు. ఇంకా ఏదో వినాలన్నట్టు చూశారు. ఇన్నేళ్ళలో ఆయన ఆఫీసుకి వెళ్ళినా, ఊరెళ్ళినా, కూరలకి వెళ్ళినా నేనొక్కటే మాట అన్నాను, వెళ్ళిరండి అని. నోటి దాకా అదే వచ్చింది. ఆపాను.

"వెళ్ళండి" అన్నాను.

ఆ మాటకి ఆయనకి అంతా అర్థమైంది. తెలుగువాడు కదా.

పైకి వచ్చేసరికి అత్తయ్యగారు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నారు.

"ఇచ్చీసేవా?"

"ఇచ్చేశాను."

"ఏటన్నావు?"

చెప్పాను. "నేను రా అనకుండా ఉండలేనమ్మా. కన్నాను కదా" అన్నారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

ఆ రోజు కూడా ఆయన ఇదే మాట అన్నారు. వెళ్తాను మరి. నాకు బాగా గుర్తుంది.

ఫిబ్రవరి 1

శిశిర్‌దా వాళ్ళ మేనత్తగారింట్లో కింద రెండు గదులు ఖాళీగా ఉన్నాయట. కాళీఘాట్ సందు. రేపు చూడ్డానికి వెళ్తున్నాం. "మాషీమాకి మెట్లెక్కే పని ఉండదు" అన్నాడు. హాలుకి నడిచిపోయేంత దూరమేనా అని అత్తయ్యగారు ముందు అదే అడిగించారు.

ఇవాళ ఐరిస్ ఆఖరి సినిమా. జుట్టు నెరిసిపోయింది, ముక్కు మాత్రం అదే. కొడుకుల ఇళ్ళల్లో వాటాలేసుకుని బతికిన ముసలావిడ ఒక పొద్దున్న లేచి, తనకంటూ ఒక ఊరు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. రైలు స్టేషన్లో పెద్దకొడుకు చెయ్యి వదిలించుకుని, చిన్నపిల్లలా మొహం వెలిగిపోతుంటే "ఐయామ్ గోయింగ్" అంది.

అత్తయ్యగారు అలవాటుగా నా వైపు చెవి వంచారు.

"వెళ్తున్నాను అంటోంది" అన్నాను.

"వెళ్ళనీ" అన్నారు ఆవిడ, తెర మీంచి చూపు తిప్పకుండా.